పంచనామా మొగిలి

మొగిలి పరకాల దిక్కు నుంచి భార్య రేణుకను వెంటబెట్టుకొని హైదరాబాదు వచ్చినప్పుడు అతని చేతిలో ఉన్నది ఒక బొగ్గుల ఇస్త్రీ పెట్టె, వయోజన విద్యా కేంద్రంలో కూడబలుక్కుంటూ నేర్చుకున్న చదువు. గచ్చిబౌలి దాటాక పోలీసు ఠాణా ఎదురుగా, రోడ్డుకు ఇవతల బండి పెట్టుకున్నాడు. పొద్దున్నే ఠాణా వాళ్ల ఖాకీ బట్టలు ఇస్త్రీ చేసి ఇచ్చేవాడు. వాళ్లు అతని బండిని అక్కడ ఉండనిచ్చేవారు. అంతకు మించిన ఒప్పందమేదీ లేదు.

తొంభై అయిదులో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది. దుకాణాలు మూతపడ్డాయి గాని తాగేవాళ్లు మానలేదు. ఖాజాగూడ రాళ్ల సందుల్లో, చెరువు కట్టల వెనక గుడుంబా కాయడం మొదలైంది. ఠాణాకు రోజుకో కేసు. సోదా చేసేటప్పుడు ఆ చోటికి చెందిన ఇద్దరు మర్యాదస్తులు సాక్షులుగా ఉండాలని చట్టం. వాళ్లను పంచులంటారు, వాళ్ల ఎదుట రాసే కాగితం పంచనామా. పంచులు పోలీసులతోపాటు లోపలికి పోవాలి, దొరికిన ప్రతి వస్తువునూ కళ్లారా చూడాలి, జాబితా రాశాక చదువుకొని సంతకం పెట్టాలి. తరువాత కోర్టు చుట్టూ తిరగాలన్న భయంతో జనం ఆ పనికి దొరికేవారు కాదు. హెడ్ కానిస్టేబుల్ బాలనర్సయ్య ఠాణా మెట్ల మీద నిలబడి చూస్తే ఎదురుగా కనిపించేవాడు మొగిలి.

“మొగిలీ, జర వచ్చి సంతకం పెట్టి పో.”

మొదటి రెండుసార్లు వెళ్లి చూసి, చదివి సంతకం పెట్టాడు. మూడోసారి గిరాకీ ఉందని నసిగితే, బాలనర్సయ్య నవ్వి కాగితాలు బండి దగ్గరికే తెచ్చాడు. ఆ తరువాత మొగిలి సోదాలకు వెళ్లడం మానేశాడు, చదవడం కూడా మానేశాడు. పట్టుబడినవాళ్లు నిజంగా గుడుంబా కాసేవాళ్లేనని మనసుకు చెప్పుకున్నాడు. చాలాసార్లు అది నిజమే. ఠాణాలో అతన్ని ‘పంచ్ మొగిలి’ అని పిలిచేవారు. ఆ పిలుపు అతనికి లోలోపల నచ్చేది కూడా.

తొంభై ఏడులో నిషేధం ఎత్తేశారు. సీలు వేసిన సీసాలు మళ్లీ దుకాణాలకెక్కాయి గాని గుడుంబా నేరంగానే మిగిలింది. ఆ ఏడాదే మాదాపూర్ గుట్టల్లో రాళ్లు పేల్చి పెద్ద పెద్ద భవనాలకు పునాదులు తీస్తున్నారు. ఆ చప్పుడు వినపడ్డంత మేరా భూమికి గిరాకీ పుట్టింది. ఎన్నడూ చూడని రకం కార్లు ఠాణా ముందు ఆగసాగాయి.

ఖాజాగూడ చెరువు వెనక రాళ్ల మధ్య బాలమ్మ అనే విధవరాలు రెండెకరాల చెలకలో జొన్న వేసుకునేది. పట్టా ఆమెది కాదు. నిజాం కాలం నుంచి ఆమె మామ ఆ భూమిని కౌలుకు దున్నాడు. కౌలుదారు చట్టం వచ్చినప్పుడు అతని పేరు రక్షిత కౌలుదారుగా రికార్డుకెక్కింది. అంటే భూమి చేతులు మారినా దున్నేవాణ్ని ఇష్టమొచ్చినట్టు లేపడానికి లేదు. మామ పోయాడు, భర్త పోయాడు, ఆ కాగితం బాలమ్మ దగ్గర చిన్న ఇనుప పెట్టెలో ఉండిపోయింది. పట్టాదారు మనవలు ఆ చెలకను పట్టాభిరామయ్య అనే స్థలాల వ్యాపారికి అమ్మేశారు. ఆయన ముందు, తన భూమిలోకి ఎవరో అక్రమంగా చొరబడ్డారని ఠాణాలో ఫిర్యాదు ఇచ్చాడు. పిలిపిస్తే బాలమ్మ వచ్చి ఆ పాత కాగితాన్ని ఎస్సై వెంకటనారాయణ బల్ల మీద పెట్టింది. చూశాక ఎస్సైకి కేసు కట్టడం కుదరలేదు. కౌలు తగాదా తేల్చాల్సింది రెవెన్యూ కోర్టు, పోలీసులు కాదు.

ఇదంతా మొగిలికి ఆనాడు తెలియదు.

కార్తీక మాసంలో ఒక మధ్యాహ్నం బాలనర్సయ్య రెండు కాగితాలు తెచ్చి అడుగున సంతకాలు పెట్టించుకున్నాడు. పైన ఏమీ రాసి లేదు.

“ఇయ్యాల జీపు ఎక్కాలె. పంచులు ఊరోళ్లకు కనబడాలన్నడు ఎస్సై సాబ్” అన్నాడు.

రెండో పంచు ఆటో నడిపే రాజు. ఇద్దరూ జీపు వెనక కూర్చున్నారు. దారి పొడుగునా రెండు తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు మొగిలి కాళ్లకు తగులుతూనే ఉన్నాయి. మూతల సందుల్లోంచి ఘాటు వాసన. రాజు బీడీ ముట్టించుకొని బయటికి చూస్తున్నాడు. మొగిలి కూడా ఏమీ అడగలేదు.

జీపు చేను గట్టు దగ్గర ఆగింది. కంకులు బరువెక్కి జొన్న కోతకు సిద్ధంగా ఉంది. చేను మధ్యలో గుడిసె. “మీరు ఈడనే ఉండుండ్రి” అని బాలనర్సయ్య డబ్బాలు దింపించాడు. కాసేపటికి ఒక కానిస్టేబులు చిన్న ఆకుపచ్చ ఇనుప పెట్టెను చంకలో పెట్టుకొచ్చి జీపు సీటు కిందికి తోశాడు. ఆ వెనకే బాలమ్మను తీసుకొచ్చారు. నాలుగు దిక్కులా రాళ్లు అదిరేలా అరుస్తోంది.

“నా ఇంట్ల గుడుంబా ఏందయ్యా! నా పెనిమిటి తాగి తాగి సచ్చిండు. నేను దాని మొకం జూస్తనా?” జీపు దగ్గర నిలబడ్డ మొగిలిని చూసి ఆగింది. “ఓ అన్నా, నువ్వన్న జెప్పరాదు!”

మొగిలి చేను వైపు తల తిప్పుకున్నాడు.

ఇంటికెళ్లి రేణుకతో చెప్పాడు. “ఆళ్ల కండ్ల ముంగట బతికేటోళ్లం. నీకెందుకు, ఊకో” అంది ఆమె. అతను మామూలుగానే అన్నం తిన్నాడు, మామూలుగానే పడుకున్నాడు. తరువాతి రోజుల్లో అతన్ని అన్నిటికన్నా ఎక్కువ తొలిచింది ఆ మామూలుతనమే.

బాలమ్మ పదహారు రోజులు జైల్లో ఉంది. బెయిలు మీద వచ్చేసరికి చెలక చుట్టూ రాతి కడీలు, ముళ్లతీగ. లోపల జొన్న లేదు, చదును చేసిన మట్టి ఉంది. ఠాణాకు పోయి మొత్తుకుంటే ఎస్సై తల ఎత్తకుండానే అన్నాడు: “కంచె సంగతి మాకు సంబంధం లేదమ్మా. అది సివిల్ తగాదా. కోర్టుకెళ్లు.”

ఆమె కోర్టుకు పోలేదు. తన చేనులోకి పోయింది. తీగ కింద నుంచి దూరి, కూలిన గుడిసె మట్టిలో ఇనుప పెట్టె కోసం వెతుకుతుంటే కాపలావాళ్లు పట్టుకున్నారు. ఈసారి అక్రమ ప్రవేశం కేసు కట్టడానికి ఎస్సైకి ఏ అడ్డూ లేకపోయింది. అడ్డుపడ్డ కాగితం ఇప్పుడు ఆమె దగ్గర లేదు.

వారం తరువాత, కోర్టులో ఇచ్చిన కాగితాల కట్ట పట్టుకొని ఆమె ఠాణా ముందు నిలబడింది. లోపలికి రానివ్వలేదు. రోడ్డు దాటి ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చింది.  తనను గుర్తుపట్టిందని మొగిలి అనుకున్నాడు. ఆమె చూపు బండి మీదున్న తెలుగు పేపరు మీద ఉంది.

“సదువొచ్చినట్టుంది గద అన్నా. ఇందుల ఏం రాసిండ్రో జర సదివి జెప్పు.”

మొగిలి కట్ట అందుకున్నాడు. రెండేళ్లలో మొదటిసారి ఒక పంచనామాను చదివాడు.

“పంచుల సమక్షంలో గుడిసె పడమటి మూల మట్టి తవ్వగా పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు రెండు బయటపడినవి. మూత తీసి వాసన చూడగా గుడుంబాగా పంచులము గుర్తించినాము. ఇవి తప్ప గుడిసె నుండి వేరే వస్తువేదియు తీసుకొనలేదు.”

“నా పెట్టె ముచ్చట లేదా?”

“లేదు.”

“ఈ పంచులెవరు? పేర్లు సదువు.”

రాజు పేరు చదివాడు. తరువాతి పేరు దగ్గర ఆగాడు. బండి మీద ఎవరిదో చొక్కా మాడుతున్న వాసన వస్తోంది, ఇస్త్రీ పెట్టె ఎత్తాలన్న ధ్యాస కూడా లేదు. “ఇంకొకటి నా పేరమ్మా” అన్నాడు.

బాలమ్మ అతని ముఖాన్ని పరీక్షగా చూసింది.

“నువ్వు జీపు కాడ నిలబడ్డోనివి. నా గుడిసెలకు రానే రాలె గద.”

“రాలె.”

“మరి డబ్బాలు యాడ జూసినవ్?”

“జీపుల.”

ఆమె తిట్టలేదు. అతని చేతిలోంచి కాగితాలు తీసుకొని, అంచులు సరిచేసి, కొంగులో చుట్టుకొని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండునని మొగిలికి అనిపించింది.

ఆ నెలలోనే అక్రమ ప్రవేశం కేసుకు పంచనామా మీద సంతకం కోసం బాలనర్సయ్య వచ్చాడు. మొగిలి చదువుతానన్నాడు. బాలమ్మ తీగ తెంపి చొరబడిందని అందులో రాసి ఉంది. “తీగ తెంపుతుంటే నేను జూడలె సార్” అని తిరిగి ఇచ్చేశాడు. బాలనర్సయ్య ఆశ్చర్యంగా చూసి, నవ్వేసి, రాజును వెతుక్కుంటూ వెళ్లాడు. అప్పటికి గొడవేమీ కాలేదు.

గుడుంబా కేసు విచారణకు రావడానికి ఏడాది దాటింది. అప్పటికి మాదాపూర్‌లో అద్దాల భవనం లేచి నిలబడింది. బాలమ్మ తరఫున కోర్టే ఏర్పాటు చేసిన వకీలు రాజరాజేశ్వరి. సమన్లు వచ్చిన రోజున రేణుక అతన్ని చాలాసేపు బతిమాలింది. “రాజు జెప్పినట్టే నువ్వు గూడ జెప్పిరా. మనకేమన్న పొలాలున్నయా, జాగలున్నయా? ఈ బండొక్కటే గద.” 

బోనులో నిలబడ్డ మొగిలిని సర్కారు వకీలు మామూలు ప్రశ్నలే అడిగాడు. డబ్బాలు మీ ఎదుట దొరికాయా?

“లేదు సార్. నేను గుడిసెలకు పోలె. తెల్ల కాగితం మీద ఠాణ ముంగట సంతకం పెట్టిన.”

సాక్షి ఎదురు తిరిగాడని సర్కారు వకీలు విసురుగా కూర్చున్నాడు. రాజరాజేశ్వరి లేచింది.

“సోదాకు ముందు పోలీసులు తమ దగ్గర ఏమీ లేదని మీకు చూపించారా?”

“లేదమ్మా. డబ్బాలు జీపుల మా కాళ్ల కాడనే ఉండె.”

“ఇలాంటి పంచనామాలు ఎన్నిటి మీద సంతకం పెట్టారు?”

“నలబై దాంక ఉంటయ్.”

“అన్నీ చూసే పెట్టారా?”

“రెండు జూసిన.”

కోర్టులో ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటు కలం ఆపి తల ఎత్తాడు. “చూడనిదాన్ని చూశానని సంతకం పెట్టడం నేరమని తెలుసా?”

“ఎరికైంది సార్. ఏం శిక్షేస్తరో ఎయ్యుండ్రి.”

ఏ శిక్షా వేయలేదు. బాలమ్మ మీద కేసు కొట్టేశారు. తీర్పులో పోలీసులను నాలుగు ముక్కల్లో తప్పుబట్టారు. ఎస్సై అంతకు ముందే వేరే ఠాణాకు బదిలీ మీద వెళ్లిపోయాడు.

తీర్పు వచ్చిన ఎనిమిదో రోజున రాకపోకలకు అడ్డమని మొగిలి బండిని లారీకెత్తారు. బాలనర్సయ్యే నిలబడి ఎత్తించాడు. అతని ముఖంలో కోపం కన్నా నొప్పే ఎక్కువగా ఉంది. “నీకేం తక్కువ జేసినంర మొగిలీ? మా నీడల ఉండి మమ్ములనే కోర్టుల నిలబెడ్తివి” అన్నాడు. ఇస్త్రీ పెట్టె లారీ అంచుకు తగిలి కిందపడి మూత ఊడిపోయింది. మొగిలి దాన్ని గోనెసంచిలో వేసుకొని రేణుకతో నార్సింగికి కిరాయి ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. 

భూమి సంగతి మాత్రం తేలలేదు. రాజరాజేశ్వరి సాయంతో బాలమ్మ రెవెన్యూ కోర్టుకెక్కింది. పట్టాభిరామయ్య మనుషులు, బాలమ్మ భర్త బతికుండగానే కౌలు వదులుకున్నాడని, ఆ చెలక పదేళ్లుగా బీడని రెవెన్యూ కోర్టులో వాదించారు. అసలు కాగితం ఇనుప పెట్టెతోపాటు పోయింది. నకలుకు దరఖాస్తు పెడితే రికార్డులో ఆ పేజీ చినిగిపోయిందని జవాబొచ్చింది. ఆ సోదా రోజున చేను కోతకు సిద్ధంగా ఉందని, ఇనుప పెట్టె జీపెక్కిందని చూసినవాళ్లలో నోరు విప్పే మనిషి మొగిలి ఒక్కడే. రాజరాజేశ్వరి కబురు పెడితే ఆ రోజు పని మానుకొని వచ్చాడు. ఈసారి అతనికి భయం లేదు. నిజంగా చూసిందే చెప్పడానికి వచ్చాడు.

అంతా చెప్పాక అవతలి వకీలు మేజిస్ట్రేటు కోర్టులో అతనిచ్చిన వాంగ్మూలం నకలు తీశాడు.

“చూడనివి చూశానని నలభైసార్లు సంతకం పెట్టానని ఒప్పుకున్నది నువ్వేనా?”

“నేనే సార్.”

“అప్పుడు పోలీసులు చెప్పమన్నది చెప్పావు. ఇప్పుడు ఎవరు చెప్పమన్నారు?”

“ఎవరు జెప్పలె సార్. జొన్న నేను జూసిన. గీ కండ్లతోనే జూసిన.”

“పోలీసు కాగితాల్లోనూ ‘కళ్లారా చూసితిమి’ అనే ఉంది కదయ్యా.”

 జొన్న కంకులు ఎంత లావున్నాయో, గట్టు మీద ఏ కానిస్టేబులు పెట్టె మోసుకొచ్చాడో మొగిలికి స్పష్టంగా కనబడుతోంది. దాన్ని అవతలివాళ్లకు చూపించే దారి మాత్రం లేదు. సాక్షి నమ్మదగినవాడు కాదని ఉత్తర్వులో ఒక వాక్యం రాశారు. బాలమ్మ స్వాధీనంలో భూమి ఉన్నట్టు రుజువు లేదని తరువాతి వాక్యం.

మెట్ల మీద రాజరాజేశ్వరి పైకోర్టుకు అప్పీలు వేద్దామని, ఏళ్లు పట్టొచ్చని చెప్పింది. బాలమ్మ వింది. వకీలు వెళ్లాక మొగిలి వైపు తిరిగింది.

“నలబై ఇండ్లల్ల నా అసొంటోళ్లు ఎంతమంది ఉండిరో?”

“ఎరికలేదమ్మా. నేను సదవలె.”

 బాలమ్మ, చెల్లెలి దగ్గర తలదాచుకుంటున్నది నార్సింగిలోనే కాబట్టి ఇద్దరూ ఒకే బస్సు ఎక్కారు. ముందు ఆడవాళ్ల సీట్లలో ఆమె, వెనక నిలబడి అతను. ఖాజాగూడ మలుపు దగ్గర కొత్త ప్రహరీ మీద ప్లాట్ల బోర్డు కనిపించింది. బాలమ్మ అటు చూడలేదు. అక్రమ ప్రవేశం కేసుకు సోమవారం మళ్లీ వాయిదా ఉంది. ఆ వాయిదా కాగితం ఆమె ఒడిలో ఉంది. బస్సు కుదుపుకు జారిపోకుండా రెండు చేతులతో పట్టుకొని కూర్చుంది.