కదలని రైల్లో కిటికీ సీటు

ఎడమకాలి బూటు వల్ల పెళ్ళి సంబంధం తప్పిపోబోయిన మగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి, మొహమాటపడకండి.

డాలస్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. ఆ పక్కనే ఉన్న కాపెల్‌లో పెరిగిన శిరీష ఫొటో చూసినప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. వాళ్ళ నాన్నగారు ఫోన్ చేసి, "పక్క ఊరి పార్కులో పాత రైలింజన్లు పెట్టారు బాబూ. సండే అక్కడ కలుద్దాం, అమ్మాయిని తీసుకొస్తాం" అన్నారు.

ముందే వెళ్ళాను. ఇంజను వెనక ఓ పాత పెట్టె ఉంది. అందులో కూర్చుంటే ఆ ఇంజన్ల చరిత్ర చెబుతారట. సీట్లు కొన్నే. కిటికీ సీటు చూడగానే నాలోని గుంటూరువాడు నిద్రలేచాడు. బయటినుంచే కర్చీఫ్ విసిరి, వాళ్ళ కోసం గేటు దగ్గరికి వెళ్ళాను. మన దగ్గర కర్చీఫ్ పడ్డ సీటు జోలికి కలెక్టరైనా రాడు కదా.

తిరిగొచ్చేసరికి కర్చీఫ్ లేదు.

"ఎవరో పాపం మరిచిపోయారు. పోయిన వస్తువుల బల్ల మీద పెట్టాను" అంది అక్కడి వాలంటీరు మామ్మ.

నాదేనని చెప్పడానికి సిగ్గేసి, ఈసారి టోపీ పెట్టాను. అదీ బల్ల చేరింది. పర్సు పెట్టేంత పిచ్చివాణ్ణి కాను. అందుకని ఎడమకాలి బూటు విప్పి పెట్టి, మళ్ళీ బయటికొచ్చాను. బూటు మరిచిపోయి వెళ్ళే మనిషి ఉండడని నా తెలివి.

కాసేపటికి మైకు మోగింది. "ఎడమకాలి బూటు పోగొట్టుకున్నవారు బల్ల దగ్గరికి రావాలి."

సరిగ్గా అప్పుడే ఇంజను చాటునుంచి శిరీష, వాళ్ళమ్మ, నాన్న వచ్చారు. ముగ్గురూ చిల్లుపడ్డ నా మేజోడు వంకే చూశారు.

"ఏమైంది బాబూ?"

"సీట్లు ఆపుతున్నానండి."

"ఎందుకు ఆపాలి?" అంది శిరీష అమెరికా యాసలో. "ఈ ట్రైన్ ఎక్కడికీ వెళ్ళదు కదా?"

నా ప్రాణం చచ్చిపోయింది. ఇక సంబంధం అయిపోయినట్టే అనుకున్నాను. వాళ్ళ నాన్నగారు నన్ను పక్కకి లాగి, గొంతు తగ్గించారు.

"ముందు కర్చీఫ్ వేశావా?"

"వేశానండి. తీసేశారు."

"నేనూ ఇందాక అటువైపు కిటికీలోంచి మీ అత్తయ్య శాలువా వేశాను. అదీ తీసేశారు. తనకింకా తెలీదు. పద, పోయి తెచ్చుకుందాం."

ఏ అత్తయ్యో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒంటి బూటుతోనే పరుగెత్తాను.

ఆ బల్ల ముందు నిలబడి, ఒక చేత్తో బూటు, ఇంకో చేత్తో శాలువా పట్టుకుని ఒట్టు వేసుకున్నాను. ఈ జన్మలో కదలని రైల్లో సీటు ఆపను. కదిలే రైళ్ళ బాధ్యత మామగారు చూసుకుంటున్నారు.