గంగ నడిమి దిబ్బకు రెండు రోజుల షికారు

నా భార్య ఏదీ అడిగే మనిషి కాదు. పెళ్లయి ఆరేళ్లయినా ఫలానా చీర కావాలని గానీ, ఫలానా ఊరు చూడాలని గానీ ఆమె నోట నేను వినలేదు. అలాంటి మనిషి ఒకే ఒక్కసారి నన్నొకటి అడిగింది. ఎవరూ లేని చోటికి రెండు రోజులు తీసుకుపొమ్మంది.

ఆ కోరిక పుట్టడానికి కారణం మా కచేరీ సాబు. నేను అప్పుడు తాలూకా కచేరీలో గుమాస్తాను. సాబు పట్నం నుంచి బదిలీ మీద వస్తూ పెట్టెల నిండా రంగురంగుల ఇంగ్లీషు పత్రికలు తెచ్చుకున్నాడు. చూసి పారేసినవి నాకిచ్చేవాడు. నాకు ఇంగ్లీషు రాదు. నాకు వచ్చింది ఉర్దూ, నిజాం సర్కారు పోయాక ఆ ఉర్దూకు కూడా పని తగ్గింది. అందుకని బొమ్మలు చదివేవాణ్ణి. ఒక బొమ్మలో సముద్రం మధ్య దీవి. కొబ్బరిచెట్ల కింద గుడ్డ కుర్చీల్లో ఒక దొర, ఒక దొరసాని కాళ్లు బార్లా చాపుకొని పడుకున్నారు. పక్కన బల్ల మీద గ్లాసుల్లో ఎర్రటి షర్బత్. వాళ్ల మొహాల్లోని తీరిక చూస్తే, పుట్టింది మొదలు వాళ్లు ఒక్కసారైనా లేచి నిలబడ్డట్టు లేదు.

ఆ బొమ్మను ఇంటికి తెచ్చి మా ఆమెకు చూపించాను. చూపించి ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? ఆ దీవిలో ఇసుక చక్కెరలా ఉంటుందన్నాను. చేపను పట్టి, అది ఇంకా తోక ఆడిస్తుండగానే వేయించి పెడతారన్నాను. పడుకోబోయే ముందు ఏ కల కావాలో అడిగి రాసుకుంటారన్నాను.

మా ఆమె రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతోంది. మాది నేత కుటుంబం. నేను కచేరీకి పోయినా ఇంట్లో మగ్గం ఆగలేదు. రాట్నం ఆపి బొమ్మ వైపు వంగింది.

"ఆడ మనుషులుంటరా?"

"గీ ఇద్దరే."

"చుట్టాలు రారా?"

"సముద్రం దాటి ఏ చుట్టం వస్తడే?"

"నీళ్ల బాయి కాడ ఆడోళ్లు?"

"బాయే లేదు."

చాలాసేపు చూసింది. తరువాత మెల్లగా అంది. "మనం గూడ అసొంటి జాగకు పోదామా? రెండు దినాలు."

ఆ మాటలో ఏముందో నాకు తెలుసు. మా వాడకట్టులో సూర్యుడి మొదటి కిరణం గుడి గోపురం మీద కాదు, ఆమె కడుపు మీద పడేది. బాయి దగ్గరికి పోతే ఒకరు, నూలు తెచ్చుకోబోతే ఒకరు, "ఏమన్న ఉన్నదా బిడ్డా?" అని అడిగేవారు. అడిగేది నోరే అయినా చూసేది కళ్లు. ఒకసారి గంగిరెద్దు వాడు వచ్చి, ఈ తల్లికి కొడుకు పుడతాడా అని ఎద్దును అడిగాడు. ఎద్దు తల ఊపింది. అది దాని ఉద్యోగం. ఆ తరువాత ఎద్దు చెప్పినా కాలేదట అని జిల్లా అంతా చెప్పుకున్నారు. ఎవరింట్లోనైనా పసిబిడ్డను తొట్టెలో వేసే తొట్టెల పండుగ జరిగితే తొట్టె ముందు నుంచి ఆమెను పక్కకు జరిపేవారు. జరిపే చేతులు మెత్తగానే ఉండేవి. గట్టిగా తోసి ఉంటే ఆమె పోట్లాడి ఉండేదేమో.

సముద్రం మాకు దూరం. కానీ గంగ ఉంది. గోదావరిని మా దిక్కు గంగ అనే అంటారు. ధర్మపురి దాటి కిందికి పోతే, ఇవతల మా కరీంనగరం జిల్లాకు, అవతల ఆదిలాబాదు జిల్లాకు నడుమ, వానలు వెనుకబట్టాక ఒక ఇసుక దిబ్బ తేలుతుంది. దాని మీద నాలుగు ఈత చెట్లు, కాసిని పొదలు. చుట్టూ నీళ్లు. ఏ జిల్లా వాళ్లూ మాదనని భూమి. మాకు అంతకన్నా దీవి ఏం కావాలి?

"రెండు చాపలు, ఒక కుండ చాలు," అంది మా ఆమె.

"చాపలా!" అన్నాను. "ఏమనుకున్నవ్? పొద్దున కండ్లు తెరవకముందే చాయ్. తరువాత అత్తరు నీళ్ల స్నానం. పగలంత ఆరాంకుర్చీల పండుకొని నువ్వు చెయ్యి ఊపుతవ్, నేను గ్రామఫోన్ తిప్పుత. చెప్పులేసుకునేటందుకు సుత లేవద్దు."

ఆమె నవ్వింది. పమిట నోటికి అడ్డం పెట్టుకొని, భుజాలు ఊగేలా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! ఇంకొక్కసారి వినాలని ఒక డేరా కలిపాను. డేరాకు మళ్లీ నవ్వింది. మైసూరు మహారాజు గొడుగంత గొడుగు కలిపాను. కచేరీ నుంచి ఇంటికి రాగానే ఆమె చాయ్ ఇస్తూ, "ఇయ్యాల మన దిబ్బకు ఏమొచ్చింది?" అని అడిగేది. ఒక రోజు బరఫ్ గడ్డ వచ్చేది. ఒక రోజు విసనకర్ర ఊపే మనిషిని తీసుకున్నాం, కానీ మనుషులు వద్దు కదా అని ఆమె వెంటనే అతణ్ణి పనిలోంచి తీసేసింది.

చెప్పినవాటిలో కొన్నయినా తేవాలి కదా. సాబును ఆరాంకుర్చీ అడిగాను. పెండ్లిళ్లకు డేరాలిచ్చేవాణ్ణి ఒక చిన్న డేరా అడిగాను. బట్టల దుకాణం సేటును గ్రామఫోన్ అడిగాను. మా దగ్గర వస్తువు అరువిచ్చేవాడికి, ఎందుకు అని అడిగే హక్కు పుట్టుకతోనే ఉంటుంది. ఎందుకో చెప్పాను. మర్నాటికల్లా గంగలో చేపలకు కూడా తెలిసింది.

మొదట వచ్చింది మా పెద్దవ్వ. మా నాయన అన్నగారి భార్య. ఆమె మా వీధిలో గొంతెత్తితే గంగ అవతల ఆదిలాబాదులో బర్రెలు మేత ఆపేవి.

"ఏమిరా, గంగ నడుమకు పోతున్నరట ఆలుమగలు?"

"అవును పెద్దవ్వా. షికారుకు."

"షికారా? పులిని కొడ్తవా? ఇంట్ల పిల్లిని జూస్తెనే బల్ల ఎక్కుతవ్!" అని కూర్చుంది. "ఒరే, పెండ్లయి ఆరేండ్లాయె. కడుపు పండక పాయె. గంగమ్మ నడుముల కూసొని ఒడిబియ్యం పొయ్యకుంట ఉత్తగ పండుకొని వస్తరా? గామె ఊకుంటదా?"

ఒడిబియ్యమంటే పసుపు కలిపిన బియ్యం, రవికెగుడ్డ, ఎండుకొబ్బరి కుడకలు ఇంటి ఆడపిల్ల ఒడిలో పోయడం. గంగమ్మకు పోయాలంటే ఆలుమగలిద్దరూ ఒకే పీట మీద కూర్చోవాలి.

"మొక్కు లేదు పెద్దవ్వా. ఊకెనే పోతున్నం."

అప్పుడు మా అవ్వ, నన్ను కన్నతల్లి, పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తకుండా అంది. "ఉన్నది. నేనే మొక్కుకున్న. పోయిన ఏడాది. గంగ నడుమ పోస్త అన్న. మీకు చెప్పలే."

ఇక ఏముంది! మొక్కు బయటపడ్డాక దాన్ని మళ్లీ లోపలికి పంపే ఉపాయం మా దిక్కు ఇంకా కనిపెట్టలేదు. మొక్కన్నాక డప్పు ఉండాలి. డప్పున్నాక చుట్టాలుండాలి. చుట్టాలున్నాక మేక ఉండాలి. మేక ఉందని తెలిశాక ఇంకా చుట్టాలు పుట్టారు. ఖానాపూర్ నుంచి మా అత్తవారి తరఫున ఒక బండి నిండా బయలుదేరుతున్నామని కబురు వచ్చింది.

ఆ సాయంత్రం మా ఆమె చాయ్ ఇచ్చింది. దిబ్బకు ఏమొచ్చిందని అడగలేదు.

"ఎంతమంది వస్తుండ్రు?"

"పది మంది," అన్నాను. నా జన్మలో ఒక సంగతిని తగ్గించి చెప్పింది అదొక్కసారే.

"గీ రెండు దినాలు నన్నెవ్వలు అడగద్దనుకున్న," అంది. "ఇప్పుడు డప్పు గొట్టి అడుగుతరు."

"పోనీ, వద్దని చెప్పాల్నా?"

"మీ అవ్వ మొక్కు గదా. ఎట్ల వద్దంటవ్?" ఖాళీ గ్లాసు అందుకుంటూ, "గంగ దాటుడెందుకు? ఒడ్డు మీదనే పోస్తే కాదా? జర అడుగు," అంది.

అడిగాను. నడుమ పోస్తానని మొక్కి ఒడ్డున పోస్తే మొక్కు సగానికి సగం బాకీ ఉంటుందని పెద్దవ్వ తేల్చింది. మా ఆమెకు ఆ మాట చెప్పాను. సరే అని రాట్నం తిప్పుకుంది. మందిని చూసి అలిగిందనుకున్నాను. తరువాత ప్రయాణం రోజు దాకా ఆమె ప్రతి పనీ మెల్లగా చేసింది. నీళ్ల బిందె సగమే నింపుకొని వచ్చింది. అది కూడా అలకే అనుకున్నాను.

మాఘం పోయి ఎండలు ముదరక ముందు ఒక పొద్దున బండ్లు కట్టాం. ముందు బండిలో డప్పు, మేక. వెనక మేం. దారి పొడుగునా డప్పు మోగుతూనే ఉంది. బండ్లు గంగ ఒడ్డుకు చేరేసరికి మేక తప్ప అందరూ సంతోషంగా ఉన్నారు.

మా ఆమె బండి దిగి మా అవ్వ దగ్గరికి పోయింది. చెవిలో ఏదో చెప్పింది. మా అవ్వ ఉన్నచోటే ఇసుకలో కూలబడింది.

"ఏమాయె? ఏమాయెనే?" అని పెద్దవ్వ దగ్గరికి పోయి విని, గంగ రెండు ఒడ్లకూ వినిపించేలా అంది. "ముట్టయిందా? ఇయ్యాల్నేనా? గియ్యాల్నే కావాల్నా తల్లీ!"

డప్పు ఆగింది. ముప్పై మంది మా ఆమెను చూశారు. ఆమె పోయి దూరంగా తుమ్మ చెట్టు నీడలో ఒక్కతే కూర్చుంది. ముట్టయిన మనిషి మొక్కులో కూర్చోకూడదు, ఎవరినీ తాకకూడదు, ఎవరూ దగ్గరికి పోకూడదు.

నాకు మాత్రం లోపల గంతులేయాలనిపించింది. ఎంత తెలివి! ముప్పై మందిని ఒక్క మాటతో దిబ్బకు పంపించి, తను ఈ ఒడ్డున దొరసానిలా ఒక్కతే కూర్చుంది. పడవ ఎక్కుతూ ఆమె వైపు చూసి కన్ను కొట్టాను. ఆమె చూడలేదు.

దిబ్బ మీద నన్ను పీట మీద కూర్చోబెట్టి, పక్కన ఆమెకు బదులు ఆమె చీర ఒకటి మడత పెట్టి ఉంచారు. చీర ముందు బొట్టు పెట్టారు. చీర తరఫున పెద్దవ్వ, "అమ్మా గంగమ్మా, ఒక్క కాయన్న కాయించు తల్లీ," అని మొక్కింది. మా అవ్వ ఏడ్చింది. డేరా కింద ఆరాంకుర్చీలో మొక్కు అయిన వెంటనే పెద్దవ్వే పడుకుంది. గ్రామఫోన్‌లో ఇసుక పోయి అది దగ్గింది. తిన్నారు, కడుక్కున్నారు, వచ్చే ఏడు తొట్టెల పండుగకు ఏ వంట చేయాలో మాట్లాడుకున్నారు. నేను మధ్యమధ్య ఇవతలి ఒడ్డు చూస్తున్నాను. తుమ్మ నీడలో ఆమె కూర్చున్నచోటు నుంచి కదలలేదు.

పొద్దు వాలక ముందే మళ్లీ ఒడ్డుకు వచ్చాం. అందరూ బండ్లకు ఎద్దులు కడుతుంటే నేను తుమ్మ చెట్టు దగ్గరికి పోయి నవ్వుతూ అన్నాను.

"మస్తు అబద్ధమాడినవ్ పో! కచేరీల వకీళ్లు గూడ గట్ల ఆడరు."

"అబద్ధం గాదు," అంది.

ముఖం చూశాను. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన ముఖం.

"నెల తప్పి మస్తు దినాలాయె," అంది. "ఎవ్వలకు చెప్పలే. నీకు సుత చెప్పలే. చెప్తే నీ నోరు ఆగదు, నోరు ఆగినా నీ మొకం ఆగదు. కడుపుతోటి ఉన్నోళ్లు గంగ దాటద్దంటరు గదా. అందుకే ఒడ్డు మీద చేద్దామన్న."

"ఎప్పుడు పోయింది?"

"బండ్ల వస్తుంటె. డప్పు మోగుతుండె."

నేను ఆమె ఎదురుగా ఇసుకలో కూర్చున్నాను. ఆమె ఇసుక మీద వేలితో ఏదో గీసి చెరిపేసింది.

"ఇప్పుడైతే దాటచ్చు," అంది. "ఇప్పుడేం అడ్డం లేదు. నన్ను దిబ్బకు తీసుకపో."

మా అవ్వ దగ్గరికి పోయి, ధర్మపురిలో చుట్టాలింట ఆగి రేపు వస్తామని చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు. బండ్లు పోయాయి. పడవ ముసలాయన పొద్దుటి పెద్దవ్వ కేకను విన్నవాడే. ఏమంటాడో అని చూశాను. "నాకేం ఎరుక? నేను తెడ్డేస్త, అంతే. ఎక్కు బిడ్డా, చీకటి పడకముందే మల్ల తీసుకొస్త," అన్నాడు.

నడి గంగలో, తెడ్డు వేస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలి గనక ముసలాయన అడిగాడు.

"పిల్లలెంతమంది బిడ్డా?"

నేను గబుక్కున ఏదో కల్పించబోయాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఒక్కలుండె," అంది. "పోయిండ్రు."

ఆరేళ్లలో ఆ ప్రశ్నకు ఆమె తలవంచుకోకుండా జవాబు చెప్పడం నేను వినలేదు. ముసలాయన తెడ్డు పైకి తీసి కాసేపు పడవను దాని ఇష్టానికి వదిలాడు.

దిబ్బ మీద మేం పారేసిన ఇస్తరాకులు, పొయ్యి బూడిద, పసుపు బియ్యం గింజలు. డేరా పీకిన చోట గుంటలు. కాకులు అప్పటికే వచ్చాయి. ఆమె ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, ఇస్తరాకులు కనిపించని చోట, నీళ్ల అంచున కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. నవ్వినప్పటిలా నోటికి పమిట అడ్డం పెట్టుకోలేదు. పుట్టిన బిడ్డ చనిపోతే తల్లి ఎలా ఏడుస్తుందో అలా, గొంతు తెరిచి, అయ్యో అయ్యో అని ఏడ్చింది. మా వాడకట్టులో అంత చిన్నదాని కోసం అంత పెద్దగా ఏడిస్తే ఎవరూ ఒప్పుకోరు. అసలు అది పోయిందని ఎవరికీ తెలియదు. నేను పక్కనే కూర్చొని ఆమె వీపు మీద చెయ్యి ఉంచాను.

ఏడుపు అయ్యాక ముఖం కడుక్కుంది. ఇంటికి పోతే ఎవరికీ చెప్పవద్దంది. చెప్పనన్నాను. మా అవ్వ చనిపోయే దాకా ఆమెకు తెలియనివ్వలేదు. మాకు తరువాత కూడా పిల్లలు కలగలేదు.

దిబ్బకు ఆ చివర, పడవ ఆపిన చోటు నుంచి ముసలాయన చేతులు నోటికి పెట్టుకొని కేకేశాడు. చీకటి పడకముందే తీసుకుపోతానన్నాడు కదా. నేను లేచి నిలబడ్డాను. ఆమె లేవలేదు. ఇసుకలో వెల్లకిలా పడుకొని కళ్లు మూసుకుంది.

"జర ఆగుమను," అంది.

ఆగమని గట్టిగా కేకేశాను. అతను పడవ అంచు మీద కూర్చొని బీడీ ముట్టించుకున్నాడు.