కాఫీ మెషిన్‌ను మామయ్య తిప్పే తీరు

నెల రోజులుగా మా కాఫీ మెషిన్ హ్యాండిల్ చుట్టూ నీళ్లు కారుతున్నాయి. నేరమంతా మా మామయ్య మీద వేశాను. గద్వాలలో ఏళ్ల తరబడి చీరలు నేసిన మనిషి, పొడి నింపిన హ్యాండిల్‌ను మెషిన్‌కు బిగించేటప్పుడు అంత మెల్లగా తిప్పుతారు మరి. నేను విసురుగా వెళ్లి మళ్లీ బిగించేదాన్ని.

ఈ పొద్దున నేను బిగించినా కారింది. లోపలి రబ్బరు రింగు ఊడదీసి చూస్తే, కొన్నప్పటి నుంచీ నా గట్టి బిగింపులకు నలిగి పగిలిపోయి ఉంది. మెషిన్‌తో పాటు వచ్చిన కొత్త రింగు వేశాను.

"గట్టిగా తిప్పొద్దని ముందే ఎందుకు చెప్పలే మామా?"

"రింగు సంగతి నాకేం తెల్వదు బిడ్డా. మగ్గం మీద జర ఎక్కువ గుంజితే పోగు తెగుతది. గా అలవాటుతోనే మెల్లగ తిప్పిన."

సాయంత్రం ఆయనే, అలాగే మెల్లగా తిప్పి కాఫీ తీశారు. చుక్క కారలేదు. అయినా నెల రోజుల అలవాటు కదా, భుజం మీది తువ్వాలు తీసి మెషిన్ కింద తుడిచారు.

క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు, బదులుగా ఆయనకు రెండో కప్పు కాఫీ ఇచ్చాను. మీ ఇళ్లలో ఇలాంటప్పుడు ఏమంటారు? నిజంగానే అడుగుతున్నాను.