లోపల ఒకరున్నారు, దయచేసి ఆగండి

మా మామయ్య పెరట్లో ఈతకొలను ఉంది. మొన్నమొన్నటిదాకా అందులో ఆయన దిగగా చూసినవాళ్ళు లేరు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరినప్పుడల్లా అందులో ఎవరో ఒకరు ముందే ఉంటారు. కప్పో, పామో, తాబేలో. వాళ్ళని వెళ్ళగొట్టడం ఆయన వల్ల కాదు. వాళ్ళంతట వాళ్ళు బయటికొచ్చేదాకా ఇంట్లో ఎవరూ నీళ్ళలో కాలు పెట్టకూడదు. మా మామయ్యకున్న పిచ్చి ఇదొక్కటే, కానీ పదిమందికి పంచినా మిగులుతుంది.

ఆయన పళ్ళ డాక్టరు. ఎంత పెద్దమనిషి దవడ పట్టుకుని గోల పెడుతూ వచ్చినా వరసలో కూర్చోవలసిందే. గది తలుపుకి “లోపల ఒకరున్నారు, దయచేసి ఆగండి” అని బోర్డు వేలాడుతుంటుంది. అచ్చం అలాంటిదే ఇంకొకటి రాయించి ఈతకొలను గేటుకి పెట్టుకున్నాడు.

అది మొదటిసారి వేలాడింది కప్ప కోసం. మామయ్య నిక్కరు తొడుక్కుని ఠీవిగా వెళ్ళి, వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చి, బోర్డు తగిలించి, గట్టుమీద కుర్చీ వేసుకున్నాడు.

“ఏమండీ, దిగలేదేం?” అంది అత్తయ్య.

“కప్పగారు ఈదుతున్నారు.”

“వలతో తీసి అవతల పారేయండి.”

“నువ్వు స్నానం చేస్తుంటే ఎవరైనా వలేసి లాగితే నీకెలా ఉంటుంది?”

అత్తయ్య ఆయనకో దండం పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కప్పగారు మధ్యాహ్నం దాకా ఈదారు. మామయ్య కన్నార్పకుండా చూస్తూ కూర్చున్నాడు.

పాము వచ్చిన రోజు ఇంకా ఘోరం. విషం లేని నీళ్ళపామే, కానీ అత్తయ్య పెట్టిన కేకకి వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. పాములు పట్టే అతను కర్రా సంచీ పట్టుకుని పరుగున వచ్చాడు. మామయ్య అతన్ని గేటు దగ్గరే ఆపి, కుర్చీ వేసి, చేతిలో ఒక పాత వారపత్రిక పెట్టాడు. పాపం పాము నున్నటి గోడ మీద జారిపోతోందని ఒక చెక్కపలక ఏటవాలుగా నీళ్ళలోకి దించి, పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“కంగారు పడకండి. మెల్లగా రండి. నోరు తెరవక్కర్లేదు, ఇవాళ చూడ్డం వరకే.”

రోగుల దగ్గర వాడే గొంతే అది. పాము చివరికి పలకెక్కి పూలకుండీల వెనక్కి పోయింది. పట్టడానికొచ్చిన అతను మాత్రం కదల్లేదు. వారపత్రికలో కథ మంచి పట్టులో ఉందట.

ఈ వరస గొడవకి ఎక్కువగా బలైంది మా బావ, అంటే మామయ్య కొడుకు. అసలు ఆ కొలను తవ్వించిందే బావ కోసం. ఈత పోటీల్లో పతకాలు తెచ్చుకున్న మనిషి, సొంత పెరట్లో తాబేలు వెనక వరసలో నిలబడేవాడు.

“నాన్నా, నేను మనిషిని!”

“అది దాని తప్పు కాదు కదరా” అనేవాడు మామయ్య.

ఇలా ఉండగా బావకి పెళ్ళయింది. పెళ్ళిమాటలప్పుడు “నీకు ఈత వచ్చా?” అని బావ ఆశగా అడిగితే, ఆ అమ్మాయి మొహమాటంతో తలూపేసింది. ఆ ఊపుకి బావ ఎగిరి గంతేసి, ఆదివారం స్నేహితుల్ని పిలిచాడు. మొగుడూ పెళ్ళాల పోటీ చూసి పొమ్మని!

శనివారం వంటింట్లో ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. “నాకు మోకాల్లోతు నీళ్ళన్నా వణుకే. అప్పుడు అవునన్నాను. ఇప్పుడు కాదంటే అబద్ధాలకోరు అనుకుంటారు. ఏం చెయ్యను?”

“బావకి చెప్పేయ్” అన్నాను. చెప్పడం నాకేం, సులువే.

ఆదివారం స్నేహితులొచ్చారు. గేటుకి బోర్డు వేలాడుతోంది. లోపల కప్ప. బావ పళ్ళు నూరాడు, స్నేహితులు తిని వెళ్ళిపోయారు. తర్వాతి ఆదివారం తాబేలు. మాది పక్కిల్లే, మధ్యలో గోడ. ఆ రోజు పొద్దున్నే గోడ మీదుగా నేనో వింత చూశాను. మామయ్య పూలమొక్కల్లోంచి తాబేలుని రెండు చేతులా ఎత్తుకొచ్చి, “కాస్త శ్రమ అనుకోకండి” అని బతిమాలుతూ నీళ్ళలో దింపుతున్నాడు.

వచ్చినవాళ్ళని పొమ్మనలేని మనిషి, రానివాళ్ళని పిలుచుకురావడమేమిటి?

బావ మాత్రం ఇక తాడోపేడో తేల్చేశాడు. “వచ్చే ఆదివారం లోపల మొసలున్నా సరే, మేం దిగుతాం.” ఆ అమ్మాయి మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం, బావ ఆఫీసులో ఉండగా, గేటుకి మళ్ళీ బోర్డు కనిపించింది. ఈసారి ఎవరా అని గోడెక్కాను. కొలనులో కొత్తకోడలు! చెక్కపలక పట్టుకుని కాళ్ళు టపటపా కొడుతోంది. పక్కనే గుండెలోతు నీళ్ళలో మా మామయ్య. ఒక చెయ్యి ఆమె గడ్డం కింద, ఇంకో చెయ్యి నిచ్చెన కమ్మీ మీద.

“నోరు ముయ్యమ్మా! ఇన్నేళ్ళూ అందరినీ నోరు తెరవమన్నాను, నిన్నొక్కదాన్నే ముయ్యమంటున్నాను. ఆ... కాళ్ళు ముడిచి, చాచి! కప్పగారు అలాగే కొట్టేవారు.”

“మామయ్యా! నీకు ఈత వచ్చా?” అన్నాను గోడ మీంచి.

“రాదే. చూసి చూసి పద్ధతి పట్టుబడింది గానీ, నీళ్ళంటే నాకు చచ్చేంత భయం.”

“మరి ఈ అమ్మాయికి భయమని నీకెవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలా? ‘నాకేం భయం లేదు డాక్టరుగారూ’ అంటూ కుర్చీలో కూర్చునే మొహాలు రోజూ చూస్తాను. భయపడేవాళ్ళని తొందరపెట్టకూడదే. పక్కన కూర్చుని ఆగాలి. కప్పైనా పామైనా కోడలైనా అంతే.”

అప్పుడు నాకు మా మామయ్య మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందంటే, గోడ దూకి కావలించుకుందామనుకున్నాను. ఆయన తడిసి ఉన్నాడని ఆగాను.

ఆదివారం వచ్చింది. గేటు బార్లా తీసి ఉంది. స్నేహితులంతా చుట్టూ చేరారు. ఆ అమ్మాయి నీళ్ళలోకి దిగి, పెదాలు బిగించి, కాళ్ళు ముడుస్తూ చాస్తూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చేరింది. బావ అప్పటికే వెళ్ళి తిరిగొచ్చేశాడు. అయినా చప్పట్లన్నీ ఆమెకే.

గట్టు పట్టుకుని, ఊపిరి తీసుకుని, అందరి ముందే చెప్పేసింది. “నాకు అప్పుడు ఈత రాదండీ. ఆ రోజు అబద్ధం చెప్పాను. మామయ్యగారు నేర్పారు.”

“నాన్న నేర్పాడా?” బావ నోరు తెరిచాడు. “నాకు చెబితే నేనే నేర్పేవాణ్ణి కదా!”

“మీరు పతకాలు గెలిచినవాళ్ళు. మీ పక్కనుంటే నా భయం ఇంకా పెరిగేది. మామయ్యగారైతే నాకంటే ఎక్కువ వణికారు. ఆయన్ని పట్టుకోవాల్సొచ్చి నా వణుకు తగ్గిపోయింది.”

అందరి కళ్ళూ మామయ్య మీదికి మళ్ళాయి. కోడలికి తోడుగా ఆయన కూడా దిగి, మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

“అదంతా నటనే. ఆ అమ్మాయికి ధైర్యం రావాలని” అన్నాడు మామయ్య దర్జాగా. నిచ్చెన కమ్మీ మాత్రం వదల్లేదు.