సద్దు గిట్టని బెలార్మీను

బెలార్మీను గారికి ఉన్నది ఒక్కటే రోగం. ఫాడో పాట మొదలైతే చాలు, చుట్టుపక్కల చీమ చిటుక్కుమనకూడదు.

లిస్బన్‌లో ఆ మర్యాద అందరికీ ఉంది. ఆ ఊరి విషాదగీతం అది; గిటారు మీద వేలు పడగానే తలుపు మూస్తారు, దీపం తగ్గిస్తారు, చెంచాలు కింద పెట్టేస్తారు. అంతవరకు బాగానే ఉంది. కానీ బెలార్మీను గారు ట్రాము కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. మెట్ల సందులో ఇదలీనా నడిపే హోటల్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూల బల్ల దగ్గర కూర్చుని ఆయన "ష్, సద్దు" అన్నాడంటే అది రేవులో ఓడలకు కూడా వినబడేది.

ఒకసారి ఒకాయన సూపులో రొట్టె ముంచుకుని తింటుంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమండీ, మీ నమలడం వినిపిస్తోంది."

"రొట్టె మెత్తగానే ఉందే."

"మీ దవడ మెత్తగా లేదు."

ఆ పెద్దమనిషి మళ్లీ ఆ గడప తొక్కితే ఒట్టు. ఇంకోసారి ఫ్రిజ్ గుర్రుమంటోందని ప్లగ్ పీకేశాడు. రెండు బుట్టల సార్డీన్ చేపలు కంపు కొట్టాయి. ఇదలీనా నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది.

"చేపలు మళ్లీ వస్తాయమ్మా. ఆ చరణం మళ్లీ రాదు" అన్నాడు.

"వచ్చే ఆదివారం చరణమూ వస్తుంది, మీరూ వస్తారు. అదే నా ఖర్మ."

ఇవన్నీ ఇదలీనా ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది. సందులో బట్టలు ఇస్త్రీ చేసే ఎర్మెలిందమ్మ గొప్ప గాయని. డెబ్బై దగ్గర పడుతున్నా, నల్ల శాలువా కప్పుకుని కళ్లు మూసుకుందంటే జనం ఊపిరి బిగపడతారు. ఆవిడ పాడే 'రేవు కిటికీ' అంటే బెలార్మీను గారికి ప్రాణం. అంత ప్రాణమైన పాటలో, చివరి చరణంలో గొంతు పైకి ఎగబాకే చోట, సరిగ్గా అక్కడే, ఈయన లేచి ఎవరినో ఒకరిని కసిరేవాడు. కసరడానికి మనిషి దొరక్కపోతే ఈగని కసిరేవాడు.

ఎర్మెలిందమ్మ పాడటం మొదలుపెట్టి యాభై ఏళ్లు నిండుతున్నాయి. ఆ ఆదివారం పేట పేటంతా వస్తుంది. ఆ ఒక్క రోజైనా పాట సాఫీగా సాగాలని ఇదలీనా పట్టుదల. ముందురోజు మెట్లెక్కి ఆయన ఇంటికి వెళ్లింది.

"బెలార్మీను గారూ, ఏమీ అనుకోకండి. రేపు మా హోటలుకి రాకండి."

"నేను రాకపోతే సద్దు ఎవరు ఆపుతారు?"

"మీరు రాకపోతే ఆపాల్సిన సద్దే ఉండదు."

"పోనీ, ఆ రేవు కిటికీ మాత్రం పాడించకమ్మా" అన్నాడు.

"బావుంది. దానికోసమే కదా అందరూ వచ్చేది."

ఆదివారం హోటలు కిటకిటలాడింది. అయినా పాట మొదలయ్యాక ఎవరూ కిక్కురుమనలేదు. ఇదలీనా మురిసిపోయింది. చివరి చరణం వచ్చింది, గొంతు పైకి ఎక్కబోయింది, ఎక్కలేక జీరపోయి విరిగింది. అంత నిశ్శబ్దంలో అది ప్రతి చెవికీ వినబడింది. ఎర్మెలిందమ్మ ఆగిపోయి, శాలువా ముఖానికి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి వెళ్లి బంగాళాదుంపల బస్తా మీద కూలబడింది.

"ఇక పాడనమ్మా. ఇస్త్రీపెట్టె చాలు నాకు" అంది.

గిటారు వాయించే కుస్తోదియు లోపలికొచ్చాడు. "మన ష్ బాబాయ్ ఏడీ?"

"నేనే రావద్దన్నాను."

"ఎంత పని చేశావక్కా" అని అతను ఇదలీనాని పక్కకి లాగాడు. "ఆవిడకి ఆ స్వరం అందక ఎనిమిదేళ్లయింది. వాయించేవాణ్ని కాబట్టి నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. అందుకే అక్కడ అరుస్తాడు."

"మరి ఆ రొట్టె? ఆ ఫ్రిజ్?"

"ఒక్క అక్కడే అరిస్తే జనం పసిగట్టరూ? అందుకని ముందునుంచీ అందర్నీ కసురుకుంటూ వస్తాడు."

ఇదలీనాకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తన నోటికి తాళం పడ అనుకుంటూ మెట్లమీద పరుగెత్తింది. బెలార్మీను గారు కిటికీ దగ్గర, మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. పాటకు అడ్డం రాకుండా పొద్దుటినుంచీ సందులో కుక్కల్నీ స్కూటర్లనీ కసిరి కసిరి గొంతు పూర్తిగా పోయింది. ఉన్నవాణ్ని ఉన్నట్టు రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"విన్నారా, నా గొంతు విరిగింది" అంది ఎర్మెలిందమ్మ.

"ఎప్పుడు?" అన్నాడాయన గుసగుసగా. "నేనెప్పుడూ వినలేదే."

ఆవిడకి నవ్వొచ్చేసింది. లేచి, శాలువా సర్దుకుని, జనం మధ్యకొచ్చి మళ్లీ మొదటినుంచీ అందుకుంది.

చివరి చరణం వచ్చింది. బెలార్మీను గారు లేచాడు, వేలు పెదాల మీద పెట్టాడు, నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన కళ్లు బెదిరిపోయి ఇదలీనా వైపు తిరిగాయి. ఇదలీనా చేతుల్లో పన్నెండు గ్లాసులున్న పళ్లెం ఉంది. ఒక్క క్షణం గ్లాసుల్ని చూసి, మరుక్షణం పళ్లెం వదిలేసింది.

ఆ భళ్లుమన్న చప్పుడు సద్దుమణిగేసరికి ఎర్మెలిందమ్మ ఆ స్వరం అవతల హాయిగా పాడుతోంది. పాట ముగిసింది, చప్పట్లు కప్పు లేపేశాయి. తర్వాత అందరూ ఇదలీనా మీద పడ్డారు.

"ఫాడో పాడుతుంటే కాస్త మర్యాద ఉండక్కర్లా?"

"చెయ్యి జారిందండీ" అంటూ చీపురు పట్టుకుని వంగింది. పక్కనే బెలార్మీను గారు కూడా వంగి గాజుపెంకులు ఏరుతున్నాడు.

"ఆ స్వరానికి పన్నెండు ఎక్కువమ్మా" అన్నాడు ఆమె చెవిలో. "ఆరు గ్లాసులు చాలు."