పరీక్షతో మణిమేగలై పేచీ

కంబైనల్లూరు బస్టాండు వెనక కన్నప్పన్ నడిపే బ్రౌజింగ్ సెంటర్లో నాలుగు కంప్యూటర్లుండేవి. 2008 వేసవిలో గోడ పక్కనున్న దానికి 'వకీలమ్మ సిస్టం' అని పేరు పడిపోయింది. వారానికి నాలుగు రోజులు సాయంత్రం బస్సు దిగి నేరుగా వచ్చి అక్కడే కూర్చునేది ఆ వకీలమ్మ.

పేరు మణిమేగలై. వీరన్, మూకాయిలకు ఒక్కతే కూతురు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు ఒక్కటీ రావు. ఇంగ్లీషు మాత్రం సేలంలో లా చదివిన ఐదేళ్లలో పట్టుబట్టి నేర్చుకుంది. అమ్మానాన్నలిద్దరూ ఊళ్లో పెద్ద రైతు పాపక్క తోటల్లో కూలికి పోతారు. పట్టా చేతికొచ్చాక ధర్మపురి కోర్టులో రాజమాణిక్కం అనే సీనియర్ వకీలు దగ్గర జూనియరుగా చేరింది. ఏడాది గడిచినా ఆయన ఆమెను ఒక్కసారి కూడా జడ్జి ముందు నోరు తెరవనివ్వలేదు. వాయిదా తేదీలు రాసుకోవడం, జెరాక్సులు తీయించడం, ఆయన చెప్పింది టైపు చేయడం, అంతే పని.

బెంగళూరులో ఒక పెద్ద లా ఫర్మ్ కొత్త లాయర్లను ఆన్‌లైన్ పరీక్ష పెట్టి తీసుకుంటోందని ఆమె నెట్‌లో చూసింది. నలభై నిమిషాల పరీక్ష. అంకెల పట్టికలు, బొమ్మల వరసలు, పేరాలు చదివి జవాబు చెప్పడం. గట్టెక్కిన వాళ్లకే ఇంటర్వ్యూ.

ఆ మాట వినగానే రాజమాణిక్కం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అదంతా పెద్ద ఊళ్ల కాన్వెంటు పిల్లలకమ్మా. నీకెందుకీ పాట్లు? ఇక్కడే ఉంటే పదేళ్లకు నోటరీ అన్నా అవుతావు" అన్నాడు తమిళంలో.

"పరీక్షలో ఊరి పేరు అడగరంట సార్. అందుకే రాస్తున్నా" అంది మణిమేగలై.

అంకెలు రెండు వారాల్లో లొంగాయి. బొమ్మలూ అంతే. పేరాల దగ్గరే బండి ఆగిపోయింది. ఒక పేరా ఇచ్చి, కింద ఒక వాక్యం ఇస్తారు. పేరాను బట్టి ఆ వాక్యం నిజమా, తప్పా, లేక చెప్పలేమా, మూడింట్లో ఒకటి నొక్కాలి. నెట్‌లో దొరికిన నమూనా పరీక్షల్లో ఆమెకు ఎప్పుడూ సగం కూడా సరిపోయేవి కావు.

ఒకరోజు వచ్చిన పేరా ఇది: ఒక జిల్లాలో వానలు తగ్గాయి, రైతులు వరి మాని మామిడి పెట్టారు, మామిడి మీద రాబడి ఏటేటా పెరిగింది. కింద వాక్యం: 'మామిడి వల్ల ఆ జిల్లా పల్లెలు బాగుపడ్డాయి.' మణిమేగలై ఆలోచించకుండా 'తప్పు' నొక్కింది. పాపక్క వరి మడుల్లో మామిడి పెట్టాక తన తల్లికి ఏడాదిలో సగం రోజులు పని లేకుండా పోవడం ఆమె కళ్లారా చూసింది. కంప్యూటరు ఎర్రగా చూపించింది. సరైన జవాబు 'చెప్పలేము'.

"ఎందుకు చెప్పలేం? నేను చెప్తాను!" అని పైకే అరిచింది. పక్క కుర్చీలవాళ్లు తలలు తిప్పి చూశారు.

ఇంటికొచ్చేసరికి మూకాయి చింతపండులో గింజలు తీస్తోంది.

"ఏంటే మణి, మొగం అట్లా పెట్టుకోని వచ్చినావు?"

మణిమేగలై పక్కన కూలబడి మామిడి పేరా మొత్తం చెప్పింది. "మనకు తెలిసిందాన్ని తెలీదని చెప్పమంటారు మా. ఇదేం పరీక్ష?"

మూకాయి చేతిలో పని ఆపలేదు. "దీంట్లో ఏముందే? పాపక్క కాడ దినామూ నేను చేసేది ఇదే కదా. 'మూకాయీ, ఈసారి కాయ బాగా దిగింది, అందరికీ మంచిదే' అంటుంది. నేను అవుననను, కాదనను. ఆమె చెప్పిన మాటలో ఎంతుందో అంతకే నా బదులు. నాకు తెలిసింది నా కాడ ఉంటుంది. దాన్ని ఆమెకెందుకియ్యాల?"

మణిమేగలై కూడా ఒక చింతపండు ముద్ద తీసుకుని గింజలు తీయసాగింది. పాపక్క ముందు అమ్మ మాట్లాడకపోవడం భయమని ఇన్నేళ్లూ అనుకుంది. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గేసింది.

మర్నాటి నుంచి పేరాను పేరాగానే చదివింది. తెలిసిందంతా పక్కన పెట్టి, అక్కడున్న మాటలకే జవాబిచ్చింది. నెల తిరిగేసరికి ఇరవైకి పద్దెనిమిది సరిపోతున్నాయి.

అసలు పరీక్ష జూలైలో వచ్చింది. ఇరవై రెండో నిమిషంలో కరెంటు పోయింది. అది రోజూ కరెంటు తీసే కోత వేళ కూడా కాదు. యూపీఎస్ కాసేపు కూసి చచ్చింది. గంట తర్వాత తెరిస్తే 'మీ పరీక్ష ముగిసింది' అని కనబడింది. కన్నప్పన్ తన తప్పే అన్నట్టు నెత్తి పట్టుకున్నాడు. ఫర్మ్‌కు మెయిల్ పెడితే మర్నాడు ఒక్క ముక్క జవాబొచ్చింది: 'పరీక్ష మధ్యలో వదిలిన వాళ్లకు రెండో అవకాశం లేదు.'

"దేవుడే ఆపినాడమ్మా. ఇంక ఆ సంగతి వదిలెయ్" అన్నాడు రాజమాణిక్కం.

ఆమె వదల్లేదు. మర్నాడు కోర్టుకు పోకుండా పరీక్ష నిబంధనలన్నీ ప్రింటు తీసుకుని కూర్చుంది. పదకొండున్నాయి. ఆరోదాన్ని నాలుగుసార్లు చదివింది. తర్వాత ఇంగ్లీషులో ఉత్తరం టైపు చేసింది.

'నేను పరీక్షను వదల్లేదు. పరీక్షే ఆగిపోయింది. మీ ఆరో నిబంధన వదిలిన వాళ్ల గురించి మాత్రమే చెబుతోంది, ఆగిపోయిన వాళ్ల గురించి అందులో ఒక్క మాటా లేదు. ఆ నిబంధన ఇచ్చి, మణిమేగలై మళ్లీ రాయకూడదు అన్న వాక్యం నిజమా, తప్పా, చెప్పలేమా అని మీ పరీక్షలోనే అడిగితే, సరైన జవాబు: చెప్పలేము. మీరు నిజం అని పెట్టారు. మీ పద్ధతి ప్రకారం మీకు మార్కు రాదు.'

వెనక నిలబడి చదివిన కన్నప్పన్ తెర మీద చివరి వరస చూపించాడు. "ఆ ఆఖరి మాట తీసేయండి మేడమ్. వాళ్లకు కోపం వస్తుంది."

"రానీండి" అని పంపేసింది.

వారం గడిచినా జవాబు లేదు. అదే ఉత్తరం మళ్లీ పంపింది. పదో రోజు ఫర్మ్ నుంచి ప్రీతి అనే ఆమె ఫోన్ చేసి, ఆదివారం పొద్దున పదింటికి మళ్లీ రాయమంది. ఈసారి మణిమేగలై ధర్మపురిలో జనరేటరున్న సెంటరు వెతుక్కుంది. మూడు నిమిషాలు మిగిలినా లేవలేదు. జవాబులన్నీ మొదటి నుంచి మళ్లీ చూసుకుంది.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. నడుమనున్న పెద్దాయన ముందు ఆమె ఉత్తరం ఉంది.

"ఇది ఎవరు రాసిచ్చారు?"

"నేనే రాశాను సార్."

"చివరి వాక్యం అవసరమా?"

"అవసరం లేదు సార్. కానీ సరైనదే."

మిగతా ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. రెండు వారాలకు ఉద్యోగం ఇచ్చినట్టు మెయిల్ వచ్చింది.

"బెంగులూర్లో తెలుగు మాట్లాడతారా?" అని మాత్రం అడిగింది మూకాయి.

"శానా మంది మాట్లాడతారు మా."

"అయితే పో."

చేరే ముందు ఆన్‌లైన్లోనే ఒక ఫారం నింపాలన్నారు. తండ్రి పేరు, వృత్తి అన్న గడి వచ్చేసరికి కన్నప్పన్ మెల్లగా అన్నాడు: "వ్యవసాయం అని పెట్టండి మేడమ్. పెద్ద ఫర్మ్ కదా. అబద్ధమూ కాదు."

మణిమేగలై 'వీరన్, వ్యవసాయ కూలీ' అని కొట్టింది. తల్లికి వేరే గడి లేదు. అదే గడిలో పక్కనే 'మూకాయి, వ్యవసాయ కూలీ' అని చేర్చింది. అక్షరాలు ఎక్కువయ్యాయని గడి ఎర్రబడింది. కామాలు తీసింది, ఖాళీలు తీసింది, రెండుచోట్లా ఉన్న 'కూలీ'ని కలిపి 'కూలీలు' చేసింది. ఇద్దరి పేర్లూ అందులో పట్టాకే పంపింది.