బావగారి కొత్త బ్రేకులు

మా ఆవిడ అన్నగారు తన కొబ్బరి లారీకి డిస్క్ బ్రేకులు వేయించి, ఇవాళ ఐనవిల్లి వినాయకుడి గుడిలో పూజ చేయించారు. చక్రంతో తొక్కించాల్సిన నిమ్మకాయకు జానెడు ముందు బండి టక్కున ఆపి చూపించారు. జనం చప్పట్లు. నాకు ఒళ్లు మండిపోయింది. నాదీ కొబ్బరి లారీయే, కాకపోతే పాత బ్రేకులు.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ, "అన్నయ్య లారీలో వచ్చేస్తానండి. మీ పక్కన కూర్చుంటే దారంతా నేనూ కాలితో బ్రేకు తొక్కాల్సొస్తందండి" అంది.

"ఆయ్, అలాగే" అన్నాను.

అమలాపురం దాకా బావగారి లారీకి బాగా దూరంగా వెనకే వచ్చాను. అలిగానని ఇంట్లో ఒకటే నవ్వులు. మీరే చెప్పండి, దగ్గరగా ఎలా రానండీ? ఆయన టక్కున ఆగితే నేను ఆగొద్దూ!